కాలు కింద పెట్టకు

పనిచేసే చోట అందరూ అతన్ని ‘జాగ్రత్త’ అనే పిలిచేవారు. ఊతపదమే పేరైపోయింది. నిచ్చెన ఎక్కేవాణ్ణి చూసినా జాగ్రత్త అనేవాడు, వేడి టీ అందుకునేవాణ్ణి చూసినా జాగ్రత్త అనేవాడు. కొత్తగా చేరినవాళ్లు అదే అసలు పేరనుకుని ‘జాగ్రత్త గారూ’ అని మర్యాదగా పిలిచేవాళ్లు. అతను నవ్వి ఊరుకునేవాడు. తాను భయస్తుణ్ణని ఒప్పుకోవడానికి అతనికి ఎప్పుడూ సిగ్గు లేదు.

ఒకప్పుడు సరుకు లారీ నడిపేవాడు. ఒకరోజు పొగమంచులో, కొండ మలుపులో, ఎదురుగా వచ్చిన బస్సు అతని లారీ పక్క అద్దాన్ని గీరుకుంటూ పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కాని ఆ తర్వాత స్టీరింగు పట్టుకుంటే చాలు, అరచేతులు చెమటపట్టి జారిపోయేవి. కదలకుండా ఒక్కచోట నిలబడి ఉండే బండి ఏదైనా ఉంటే చెప్పండని తెలిసినవాళ్లందరినీ అడిగాడు. అలా ఈ డ్రిల్లింగ్ యంత్రం మీదికి వచ్చాడు.

రోడ్డు తవ్వకుండా నేల కింద నుంచే గొట్టాలూ కేబుళ్లూ లాగే యంత్రం అది. వీధి మొదట్లో ఏటవాలుగా నిలబడి, ఇనుప రాడ్లను ఒకదాని వెనక ఒకటి బిగించుకుంటూ, తిప్పుకుంటూ నేలలోకి తోస్తుంది. అన్నిటికంటే ముందుండే డ్రిల్లు తల రోడ్డు కింద దారి చేసుకుంటూ పోయి, వీధి చివర తవ్విన గుంతలో పైకి తేలుతుంది. అప్పుడు దానికి గొట్టం కట్టి వెనక్కి లాగుతారు. పైన రోడ్డు చెక్కుచెదరదు.

అతని భార్య ఇంటి ముందుగదిలో కుట్టుపని చేసేది. ఆవిడకి తన పని గురించి ఇలా చెప్పాడు: “నువ్వు పైజామా నడుములో నాడా ఎక్కిస్తావు చూడు. పిన్నీసుకి కట్టి ఇవతల దూర్చి, లోపల్లోపలే తోసుకుంటూ పోయి అవతల బయటికి లాగుతావు. అచ్చం అదే.”

“అయితే అంత భయం దేనికండీ?”

“నీ పైజామాలో గ్యాసు గొట్టాలు లేవు. కరెంటు కేబుళ్లు లేవు. పైగా పిన్నీసు ఎక్కడుందో నీ వేలికి తెలుస్తుంది.”

నేల కింద డ్రిల్లు తల ఎక్కడుందో కనిపెట్టి చెప్పేది అతని బావమరిది, అంటే భార్య తమ్ముడు. డ్రిల్లు తలలో ఒక చిన్న పరికరం ఉంటుంది. అది పంపే సంకేతాలను పట్టుకునే లొకేటర్ చేతిలో పెట్టుకుని, సరిగ్గా దానికి పైన, రోడ్డు మీద బావమరిది నడుస్తాడు. ఎంత లోతులో ఉంది, ఎటు తిరుగుతోంది అని వాకీటాకీలో చెబుతుంటే, వెనక యంత్రం మీద కూర్చున్న బావ దాన్నిబట్టి తోస్తాడు. పనిలో పెట్టించిందీ, పని నేర్పిందీ కూడా బావే.

ఆ మధ్య వాళ్లిద్దరికీ చెడింది. ఒక ఆదివారం చుట్టాలంతా భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు బావమరిది బావ నడకనీ మాటనీ అనుకరించి చూపించాడు. యంత్రానికి ఎర్తింగ్ సరిగ్గా ఉందా, కరెంటు తగిలితే మోగే సైరన్ పనిచేస్తోందా అని అతను రోజూ పొద్దున్నే చూసుకుంటాడు కదా, దాన్ని ఒక గరిటె పట్టుకుని ఆడి చూపించాడు. గరిటె కొసని రెండు వేళ్లతో ముట్టుకుని ఉలిక్కిపడటం, నాలుగు దిక్కులూ చూడటం, మళ్లీ ముట్టుకోవడం, ‘జాగ్రత్త, జాగ్రత్త’ అనడం. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. భార్య కూడా నవ్వింది, కళ్లనీళ్లు తుడుచుకుంటూ మరీ. అతను చేయి కడుక్కుని లేచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత బావా బావమరుదుల మధ్య మాటలు వాకీటాకీలోనే, పని వరకే. అందులో కూడా ‘బావా’ అనే పిలుపు పోయింది. “లోతు సరిపోయింది. తొయ్యి.” “కుడికి తిప్పు.” అంతే.

ఆ రోజు పని ఒక ఇరుకు వీధిలో. రెండువైపులా ఇళ్లు, ఇళ్ల ముందు గోడలు, గోడల మీద నుంచి తొంగిచూసే మొక్కలు. కొత్త నీటి గొట్టం వేయాలి. యంత్రాన్ని వీధి మొదట్లో ఒక ముసలావిడ గేటు పక్కన నిలబెట్టారు. దాని వెనక మట్టిపొడి కలిపిన నీళ్లను యంత్రానికి పంపే బండి ఉంది. రెండింటికీ మధ్య లావుపాటి గొట్టం. ఆ బండిని చూసుకునేది రిటైర్మెంటుకి దగ్గరపడిన ఒక పెద్దాయన. కునుకు తీస్తూనే పని చేయగలడని ఆయనకు పేరు. సూపర్‌వైజరు వీధి చివర గుంత దగ్గర ఉన్నాడు.

డ్రాయింగుల్లో కేబుళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయని ఉందో, అక్కడల్లా ముందురోజే చేత్తో గుంతలు తవ్వి కళ్లారా చూసుకున్నారు. అన్నీ చెప్పినచోటే ఉన్నాయి. ఎవరి డ్రాయింగులోనూ లేని కేబుల్ ఇంకొకటి ఉందని ఎవరికి తెలుసు? ఎప్పుడో రోడ్డు వెడల్పు చేసినప్పుడు పక్కకి జరిపి పూడ్చేశారని తర్వాత తేలింది.

ఎండ నడినెత్తికి వస్తుండగా సైరన్ మోగింది.

రోజూ పొద్దున అతను మోగించి చూసుకునే సైరనే. అయినా ఆ క్షణంలో అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి. నెత్తిమీద ఎర్రదీపం గిరగిరా తిరుగుతోంది. డ్రిల్లు తల ఎక్కడో కరెంటు కేబుల్‌లో దిగింది. ఆ కరెంటు రాడ్ల వెంబడి వచ్చి యంత్రమంతా ఎక్కింది. కూర్చున్న సీటు, పట్టుకున్న లివర్లు, బూట్ల కింది ఇనుప పలక, అన్నిట్లోనూ కరెంటే.

ఇలాంటప్పుడు ఏం చేయాలో అతనికి కంఠతా వచ్చు. యంత్రం మీదే ఉండాలి. కరెంటు తీగ మీద కాకి వాలితే దానికేమీ కాదు, ఎందుకంటే అది తీగను తప్ప ఇంకేదీ ముట్టుకోదు. యంత్రం మీద ఉన్నంతసేపు మనిషికీ అంతే. ఒక చేయి యంత్రం మీద ఉండగా ఒక కాలు నేల మీద పెట్టాడా, కరెంటు అతనిలోంచే నేలలోకి పోతుంది. ఇదంతా తెలుసు. కాని ఒళ్లు వినడంలేదు. దూకెయ్, పారిపో అని కాళ్లు వాటంతటవే లేస్తున్నాయి. రెండు మోకాళ్లనీ ఒకదానికొకటి గట్టిగా అదిమిపట్టి, రాడ్లు తిరగడం ఆపేశాడు. వాకీటాకీ తీసి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

“ఒరేయ్... కరెంటు. కదలకు.”

దూరంగా, వీధి మధ్యలో, బావమరిది లొకేటర్ పట్టుకుని కొయ్యబారి నిలబడి ఉన్నాడు. సరిగ్గా డ్రిల్లు తలకి పైన.

“వినపడుతోందా? కాళ్లు రెండూ దగ్గర పెట్టు. అడుగు వెయ్యకు. దేన్నీ ముట్టుకోకు.”

“బావా.” గొంతు సన్నగా వచ్చింది. “కాళ్లు జివ్వుమంటున్నాయి బావా.”

“బూట్లు వేసుకున్నావు కదా?”

“వేసుకున్నా. కాని పొద్దుట్నుంచీ ఈ బురదలోనే కదా. లోపలికి నీళ్లు దిగాయి.”

కరెంటు తగిలినచోట నేలంతా ప్రమాదమే. రెండు కాళ్లూ దూరంగా పెడితే ఒక కాల్లోంచి ఎక్కి ఇంకో కాల్లోంచి దిగిపోతుంది. సూపర్‌వైజరుకీ వాకీటాకీలోనే చెప్పాడు. ఆయన కరెంటు ఆఫీసుకి ఫోన్ చేస్తూ, వాళ్ల బండికి దారి చూపించడానికి పెద్దరోడ్డు వైపు పరుగెత్తాడు.

అంతలో వెనక తలుపు చప్పుడైంది. సైరన్‌కి మెలకువ వచ్చిన పెద్దాయన నీళ్లబండి తలుపు తీసి, మెట్టు మీద ఒక కాలు పెట్టాడు.

“కాలు కింద పెట్టకు!” అని అరిచాడు అతను. తనకే తెలియని గొంతు. “పెద్దాయనా, లోపలికి పో! గొట్టం వెంట నీ బండికి కూడా కరెంటు వచ్చి ఉంటుంది.”

పెద్దాయన కాలు గాల్లోనే ఆగిపోయింది. మెల్లిగా లోపలికి లాక్కున్నాడు. “ఎంతసేపు?”

“తెలీదు.”

“నాకు అర్జెంటుగా ఉంది నాయనా.”

“బిగబట్టుకో!”

ఇంకెప్పుడైనా అయితే నవ్వొచ్చేది. డ్రిల్లు తల కేబుల్ నుంచి విడిపోతుందేమోనన్న ఆశతో అతను లివరు పట్టుకుని రాడ్లను కొద్దికొద్దిగా వెనక్కి లాగాడు. సైరన్ ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో ఎక్కడో ఒక ఇంట్లో కుళాయి కారుతున్న చప్పుడు కూడా వినిపించింది. అతని వీపంతా చెమటతో తడిసి చొక్కా అంటుకుపోయింది. అయిపోయింది, దిగొచ్చు అని ఒళ్లంతా ఒక్కటే గోల. మెట్టు పక్కనే ఉంది. వెనక పెద్దాయన మళ్లీ తలుపు తీశాడు. “ఆగిపోయిందిగా, దిగుతున్నా.”

“వద్దు. కూర్చో.”

“ఆగిపోయింది కదయ్యా!”

“ఎందుకు ఆగిందో మనకి తెలుసా? కూర్చో, నీకు దణ్ణం పెడతా.”

అతనికే గట్టి నమ్మకం లేదు. దిగితే ఏమవుతుందోనన్న భయం, దిగకపోతే ఏమవుతుందోనన్న భయం, రెండూ చెరోవైపు లాగుతున్నాయి. ఏదీ తేల్చుకోలేకే కూర్చుండిపోయాడు. ఇంతలో సైరన్ మళ్లీ అందుకుంది. లైన్లో కరెంటు తెగితే, ఎక్కడో ఉన్న పెట్టె కాసేపాగి దానంతటదే మళ్లీ కలిపి చూస్తుంది. ఇప్పుడు అదే జరిగింది. పెద్దాయన గబుక్కున తలుపు మూసేసుకుని, అద్దంలోంచి పాలిపోయిన ముఖంతో చూస్తూ ఉండిపోయాడు.

అతనికి వణుకు పుట్టింది అప్పుడే. పళ్లు టకటకా కొట్టుకుంటుంటే ఆపుకోలేకపోయాడు. నడినెత్తి ఎండలో చలి.

పక్కింటి గేటు కిర్రుమన్నది ఆ సమయంలోనే. ముసలావిడ బయటికి వచ్చింది. చెవులు సరిగా వినపడవు ఆవిడకి. పొద్దున అతను నమస్కారం పెడితే, ఏదో అడిగాడనుకుని ‘లేదు బాబూ’ అంది. ఇప్పుడు చేతిలో స్టీలు గ్లాసుతో మంచినీళ్లు తెస్తోంది. ఎండలో కూర్చుని వణికిపోతున్న మనిషి ఆవిడకి కిటికీలోంచి కనిపించి ఉంటాడు.

“అమ్మా! ఆగు! రావద్దు!”

ఆవిడ చిరునవ్వు నవ్వింది. “తాగు బాబూ, చల్లటి నీళ్లే.”

“వెనక్కి పో! పోవే!” నోటికొచ్చినట్టు తిట్టాడు. పెద్దావిడని అనరాని మాటలే అన్నాడు. ఆవిడకి అవీ వినపడలేదు. చేతులు ఊపితే రమ్మంటున్నాడనుకుంది. నీళ్లు తొణకకుండా గ్లాసు మీదే చూపు పెట్టి, మెల్లిగా, ఒక్కొక్క అడుగూ వేస్తోంది. ఇంకాస్త ముందుకి వచ్చి గ్లాసు అందిస్తే చాలు. అతను సీటులో వీలైనంత వెనక్కి జరిగి రెండు చేతులూ గుండెకి అదుముకున్నాడు. ఆవిడ కూలిపోవడం అతనికి ముందే కళ్లకు కట్టినట్టు కనిపించింది.

వాకీటాకీలో బావమరిది గొంతు: “చూశాను బావా. వస్తున్నా.”

“రావద్దురా! కదిలితే చస్తావు!”

“అడుగు వెయ్యనులే.”

బావమరిది రెండు పాదాలనూ ఒకదానికొకటి ఆనించి, నేల మీద నుంచి లేపకుండా, జానెడు జానెడు పాకించుకుంటూ పక్కకి జరగడం మొదలుపెట్టాడు. అలా జరగాలని నేర్పింది బావే. నేర్పిన రోజు వాడు దాన్ని డాన్సు చేసి చూపించి అందరినీ నవ్వించాడు. ఇప్పుడు వాడి ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఇటు ముసలావిడ అడుగు, అటు బావమరిది పాదం. అతను ఒకసారి ఇటూ ఒకసారి అటూ చూడలేక కళ్లు మూసుకున్నాడు. మూసుకుంటే ఇంకా భయమేసి తెరిచాడు.

ప్రమాదం దాటిందనిపించేంత దూరం పోయాక బావమరిది ఒక్క ఉదుటున పక్కసందులోకి పరుగెత్తాడు. అతనికి కనిపించకుండా పోయాడు. ఆ కాసేపు వాడు బతికున్నాడో లేదో కూడా తెలియదు. తర్వాత వాడు ముసలావిడ ఇంటి పెరటి గోడ దూకి, ఇంట్లోంచే దూసుకొచ్చి, గేటు బయట ఆవిడ నడుం పట్టుకుని అమాంతం ఎత్తి వెనక్కి లాగేశాడు. గ్లాసు ఎగిరి యంత్రం పక్కన పడింది. నీళ్లు నేల మీద పారాయి. ఆవిడ వాడి వీపు మీద పిడికిలితో గుద్దుతూ, దొంగ, దొంగ అని కేకలు పెట్టింది.

చివరికి కరెంటువాళ్లు వచ్చారు. లైను కట్టేసి, మళ్లీ దానంతటది కలవకుండా చేసి, కొలిచి చూసుకుని, “దిగండి” అన్నారు.

పెద్దాయన అందరికంటే ముందు దిగి ముసలావిడ ఇంటి బాత్రూము వైపు పరుగెత్తాడు. అతను మాత్రం దిగలేదు.

“పోయిందండీ కరెంటు. నిజంగా. రండి” అన్నాడు లైన్‌మన్.

“ఇందాక కూడా పోయింది.”

లైన్‌మన్ చేతి తొడుగు తీసేసి, ఒట్టి అరచేతిని యంత్రం మీద పెట్టి చూపించాడు. అప్పటికీ అతని కాలు మెట్టు మీదికి రాలేదు. మనసు దిగుదామంటోంది, మోకాళ్లు కదలనంటున్నాయి. బావమరిది పైకెక్కి, చంకల కింద చేతులు వేసి, నిద్రపోయిన పసివాణ్ణి దించినట్టు దించాడు. నేల మీదికి రాగానే ఇద్దరూ అక్కడే బురదలో కూలబడ్డారు.

“పెద్దావిడని ఏం తిట్టావు బావా, దేవుడా” అన్నాడు బావమరిది. ఆ మాట అంటూ ఏడ్చాడు.

ఇంటికొచ్చాక అతను తలుపు గొళ్లేన్ని చొక్కా అంచుతో పట్టుకుని తీశాడు. కుళాయి తిప్పాలన్నా, ఫ్రిజ్ తెరవాలన్నా మోచేయి వాడేవాడు. భార్య కుట్టుమిషన్ మోటారు గర్రుమంటే పక్కగదిలో ఉలిక్కిపడి లేచేవాడు. ఆవిడ మోటారు తీసేయించి కాలితో తొక్కడం మొదలుపెట్టింది. అతను ఇక యంత్రం పనికి పోనన్నాడు. ఇంట్లోనే ఉండి గుండీలు కుట్టాడు, కాజాలు తీశాడు. ఇస్త్రీ మాత్రం ముట్టుకోలేదు.

బావమరిది కొద్దిరోజులకే పనిలోకి పోయాడు. వాడికేం, గుండె ధైర్యం ఉన్నవాడు అనుకున్నారంతా. ఒకరోజు పని మధ్యలో వచ్చి, కుట్టుగదిలో బట్టలకుప్ప పక్కన నేల మీద కూర్చున్నాడు. బూట్లు విప్పలేదు.

“నా వల్ల కావడంలేదు బావా. నేల మీద నడవాలంటే భయంగా ఉంది.”

అతను సూదిని గుడ్డలో గుచ్చి పక్కన పెట్టాడు.

“కొత్తగా వచ్చిన ఆపరేటరు పొద్దున్నే వచ్చి తాళం తిప్పి మొదలుపెట్టేస్తాడు. సైరన్ చూసుకున్నావా అంటే, నిన్న బాగానే ఉందిగా అంటాడు. వాడు తోస్తుంటే పైన నేను నడవాలి. ప్రతి అడుగుకీ అరికాలు జివ్వుమన్నట్టు ఉంటోంది. ఇవాళ సగంలో లొకేటర్ పడేసి వచ్చేశా. నేను వేళాకోళం చేశా కానీ బావా, వెనక నువ్వు కూర్చున్నావనే ఇన్నాళ్లూ ధైర్యంగా తిరిగాను.”

“మానెయ్యరా” అన్నాడు అతను.

“మానేసి ఏం చెయ్యను? నాకొచ్చిన పని ఇదొక్కటే. నీకైనా అంతేగా.”

భార్య మిషన్ తొక్కడం ఆపి తమ్ముణ్ణి చూసింది, భర్తని చూసింది.

అతను వారంపాటు ఆలోచించాడు. రాత్రిళ్లు నిద్రలేదు, పగలు తిండి సయించలేదు. ఆఖరికి సూపర్‌వైజరు దగ్గరకు వెళ్లి, డ్రాయింగులో ఉన్నా లేకపోయినా దారి పొడుగునా కేబుళ్లు వెతికే పరికరంతో మొత్తం చూశాకే డ్రిల్లు దింపుతానన్నాడు. ఆలస్యమవుతుందన్నాడు సూపర్‌వైజరు. అయితే కానీయండి అన్నాడు అతను. సూపర్‌వైజరు కూడా ఆ రోజు అక్కడ ఉన్నవాడే. సరేనన్నాడు.

మళ్లీ యంత్రం ఎక్కిన రోజు భార్య కుట్టుపని పక్కన పెట్టి అతనితోపాటు వచ్చింది. ఇన్నేళ్లలో ఆవిడ ఆ పని చూడటం అదే మొదలు. అతను సైరన్ మోగించి చూసుకున్నాడు, ఆపి మళ్లీ మోగించాడు. దూరంగా బావమరిది లొకేటర్ పట్టుకుని నిలబడ్డాడు. కొత్త బూట్లు. అడ్డంగా పెట్టిన ఇనుప కంచె అవతల భార్య నిలబడి, కంచెని రెండు చేతులా పట్టుకుని చూస్తోంది.

“దాన్ని ముట్టుకోకు!” అని అరిచాడు.

ఆవిడ నిప్పు తగిలినట్టు చేతులు తీసేసింది. చుట్టూ ఉన్నవాళ్లెవరూ నవ్వలేదు.

“మొదలుపెట్టు బావా” అంది వాకీటాకీ. మొదటి రాడ్డు తిరుగుతూ నేలలోకి దిగింది. అది దిగుతున్నంతసేపూ అతను ఊపిరి పీల్చాడో లేదో అతనికే గుర్తులేదు.

సాయంత్రానికి డ్రిల్లు తల అవతలి గుంతలో తేలింది. ఏమీ కాలేదు. ముగ్గురూ కలిసి ఇంటికి నడిచారు.

“రోజూ ఇలాగే ఉంటుందా మీకు?” అని అడిగింది భార్య.

“ఇవాళ కాస్త నయం” అన్నాడు.